పొలం అంచు, పల్లెవెలుగు బస్సు



ధ్యానానికి వాక్యభాగం: లేవీయకాండము 19:9-10, రూతు 2వ అధ్యాయము.

ఈ వారం మేము రాస్తున్నది బస్సు గురించి. వాక్యంలో బస్సు ఎక్కడుంది అయ్యగారూ అని కొందరు నవ్వుకోవచ్చు. ఉపవాస కూడికల్లో మా దగ్గరికి వచ్చే ప్రార్థన మనవులు వింటే అలా నవ్వరు. రోగం, అప్పు, గల్ఫ్ వీసా, పిల్లల పెళ్లి, ఇవి ఎప్పుడూ ఉండే మనవులే. ఈమధ్య వాటి పక్కన ఇంకొకటి వచ్చి చేరింది. "మా ఊరికి పొద్దుగాల బస్సు రావాలె, ప్రార్థన చేయుండ్రి అయ్యగారూ" అంటున్నారు. ఆ మనవి పెట్టేది ముసలివాళ్లు, విధవరాండ్రు, కాలేజీకి పోవలసిన ఆడపిల్లల తల్లులు. ఇంటి ముందు బండి ఉన్నవాళ్లు ఈ మనవి పెట్టగా మేము వినలేదు.

ప్రార్థన చేస్తున్నాం, ఇకముందూ చేస్తాం. అయితే బస్సు ఎందుకు రావడం మానుతుందో తెలుసుకోకుండా ప్రార్థించి ఊరుకుంటే మన పని సగమే అయినట్టు. మేము చెప్పదలచుకున్నది ఇది: చివరి ఊరి బస్సును రోజువారీ కలెక్షన్‌తో తూచకూడదు. దాని ఖర్చును ప్రభుత్వం ఖజానా నుంచి బాహాటంగా భరించాలి. భరించమని అడగవలసిన బాధ్యత మనది.

ముందు వాక్యం చూద్దాం. ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన ధర్మశాస్త్రంలో కోతకు ఒక నియమం ఉంది. చేను కోసేటప్పుడు అంచుల దాకా కోయకూడదు. పరిగె ఏరుకోకూడదు. ద్రాక్షతోటలో రాలిన పండ్లు కూర్చుకోకూడదు. అవి బీదలకు, పరదేశులకు విడిచిపెట్టాలి. మన బోధన్ వైపు రైతులకు ఈ మాట విడమరచి చెప్పనక్కర లేదు. వరికోతలప్పుడు పరిగె ఏరుకొని పిల్లలను సాకిన అమ్మలు మన సంఘాల్లోనే ఉన్నారు.

ఆ అంచులో పండినది కూడా రైతు విత్తనమే, రైతు నీళ్లే, రైతు చెమటే. లెక్కల పుస్తకంలో రాస్తే అది నష్టమే. దేవుడు దాన్ని నష్టమని పిలవలేదు. కోతకు ముందే పక్కన పెట్టవలసిన భాగంగా ఎంచాడు. మిగిలితే ఇవ్వమని చెప్పలేదు, మొదటే వదలమన్నాడు.

ఇంకొకటి కూడా గమనించండి. ఆ గింజలను యజమాని తన గుమ్మం దగ్గర కూర్చొని పిడికెడు పిడికెడు పంచమని ఆజ్ఞ లేదు. బీదవాడే చేలోకి వస్తాడు, తన చేతులతో ఏరుకుంటాడు, మూట కట్టుకొని తల ఎత్తుకొని ఇంటికి పోతాడు. ఎవరినీ బతిమాలనక్కర లేదు. బస్సు చేసే మేలు కూడా అలాంటిదే. చెయ్యెత్తితే ఆగుతుంది, ఎక్కితే కూర్చోబెట్టుకుంటుంది. ఎక్కినవాళ్లది ఏ కులం, ఎవరి ఇల్లు, ఎవరికి బాకీ అని కండక్టరు అడగడు.

మన ప్రాంతానికి సర్కారు బస్సు నిన్న మొన్న వచ్చింది కాదు. 1932లో నిజాం రాజ్యపు రైల్వే సంస్థ 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా విభాగం మొదలుపెట్టింది. ఆర్టీసీ బండి నెంబర్లలో కనిపించే 'జడ్' అక్షరం నిజాం తన తల్లి జహ్రా బేగం పేరు మీద పెట్టించాడని పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. అంతకు ఏడాది ముందే నిజాంసాగర్ పూర్తయి మంజీర నీళ్లు కాలువల్లో పారాయి. 1937లో బోధన్ షక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. నీళ్లు, బస్సు, చెరకు, ఫ్యాక్టరీ, అన్నీ పదేళ్ల లోపే వచ్చి మన ఊళ్ల బతుకును ఒక దారికి తెచ్చాయి. తర్వాత 1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీ ఏర్పడింది. రాష్ట్రం విడిపోయాక టీఎస్ఆర్టీసీ అయ్యింది, ఇప్పుడు టీజీఎస్ఆర్టీసీ. నిజామాబాద్‌లో రెండు డిపోలు, బోధన్, ఆర్మూర్, బాన్సువాడ, కామారెడ్డి డిపోలు మన రీజియన్‌లోవి. కోటగిరి, వర్ని, రుద్రూర్, ఎడపల్లి, రెంజల్, సాలూర రోడ్ల మీద పెరిగిన మన తరానికి పట్నం అంటే బస్టాండే.

బోధన్ వాళ్లకు 'నష్టం' అనే మాట కొత్త కాదు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు మోసిన మన చక్కెర ఫ్యాక్టరీలో సగానికి పైగా వాటాను 2002లో నష్టాల పేరు చెప్పి ప్రైవేటు చేతికి ఇచ్చారు. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి మూసేశారు. మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట యూనిట్‌కు, మెదక్ దగ్గరి మంబోజిపల్లి యూనిట్‌కు కూడా అదే గతి పట్టింది. మళ్లీ తెరిపిస్తామన్న మాట అప్పటి నుంచి వింటూనే ఉన్నాం. ఫ్యాక్టరీతో పాటు కార్మికుల జీతాలు పోయాయని అందరూ చెబుతారు. షిఫ్టులకు వచ్చిపోయే జనం, చెరకు బిల్లుల కోసం తిరిగే రైతులు, గేటు ముందు చాయ్ హోటళ్లు, సైకిల్ రిపేరు షాపులు, వీటన్నిటి సంగతి ఏ నివేదికలోనూ రాలేదు. ఒకదానికి నష్టమని పేరు పెట్టి ఆపేస్తే, దాన్ని ఆనుకొని బతికే పది పనులకు నష్టం వస్తుంది. ఆ పదింటినీ ఎవరూ లెక్కగట్టరు. ఫ్యాక్టరీ విషయంలో ఈ పాఠం నేర్చుకున్న ఊరు బస్సు విషయంలో మౌనంగా ఉండకూడదు.

పల్లె బస్సు ఒక్కరోజులో ఆగిపోదు. ఎలా ఆగుతుందో కాస్త వివరంగా చెబుతాం, ఎందుకంటే దీన్ని అర్థం చేసుకుంటే ఏం అడగాలో తెలుస్తుంది.

బస్సు సంస్థ ఎక్కడైనా ప్రతి ట్రిప్పుకూ ముఖ్యంగా రెండు లెక్కలు చూస్తుంది. కిలోమీటరుకు ఎంత ఆదాయం వచ్చింది? సీట్లలో ఎన్ని నిండాయి? రెండోదాన్ని ఆర్టీసీ వాళ్లు 'ఓఆర్' అంటారు. పల్లె బస్సు పొద్దున ఊరి నుంచి నిండుగా పోతుంది, పట్నం నుంచి ఖాళీగా వస్తుంది. సాయంత్రం తలకిందులు. మధ్యాహ్నం ట్రిప్పులో నలుగురైదుగురు ఉంటారు. ఎక్కేవాళ్లలో చాలామంది పాసులున్న పిల్లలు. డీజిల్ మాత్రం రెండు వైపులా ఒక్కటే తాగుతుంది, డ్రైవరు జీతం కూడా ఒక్కటే. అందుకని కాగితం మీద పల్లె ట్రిప్పు ఎప్పుడూ వెనుకబడే ఉంటుంది.

మొదట మధ్యాహ్నం ట్రిప్పు పోతుంది. దవాఖాన పని ఒంటిగంటకు ముగించుకున్న పెద్దమనిషికి ఇక తిరుగు బస్సు లేదు. ఎట్లాగూ ఆటోలోనే రావాలి గదా అని పొద్దున కూడా ఆటోలోనే పోతాడు. అట్లా పొద్దటి ట్రిప్పులో ఇద్దరు ముగ్గురు తగ్గుతారు. ఆ తర్వాత నైట్ హాల్ట్ బస్సు పోతుంది. రాత్రి ఊళ్లోనే ఆగి, డ్రైవరు కండక్టరు అక్కడే పడుకొని, తెల్లవారగానే మొదటి ట్రిప్పు తీసే బస్సు అది. అది ఆగితే మొదటి బస్సు పట్నం నుంచి బయలుదేరి రావాలి. ఊరికి చేరేసరికి ఎండ ఎక్కుతుంది. పనికి పోయేవాళ్లకు, రైలు అందుకోవలసినవాళ్లకు, మొదటి గంటకు క్లాసులో ఉండాల్సిన పిల్లలకు ఆ బస్సు అక్కరకు రాదు. ఇంకొంతమంది మానుకుంటారు. ఓఆర్ ఇంకా పడిపోతుంది. చివరికి ఈ రూటులో జనం లేరని తేలుస్తారు. జనం ఉన్నారు. వాళ్ల వేళకు బస్సు లేదు.

ఆ జనం ఎవరో మనకు తెలుసు.

పదో తరగతి ఊళ్లో ముగించి, ఇంటర్‌కు బోధన్‌కో, డిగ్రీకి నిజామాబాద్ గిరిరాజ్ కాలేజీకో, ఆపైన డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయానికో పోవలసిన ఆడపిల్ల. కొడుకైతే అప్పు చేసైనా బండి కొనిస్తారు. కూతురైతే "బస్సు లేదు, చీకటి పడుతది, ఇక చాలు తీయ్" అంటారు. ఆ తర్వాత ఇంట్లో మొదలయ్యే మాట పెళ్లి గురించి. ఆ పిల్ల చదువు ఆగిందని ఏ డిపో రికార్డులోనూ పడదు.

కిడ్నీలు పాడై వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు పోవలసిన మనిషి. ప్రతిసారీ ఆటో మాట్లాడుకుంటే, వైద్యం ఉచితంగా దొరికినా దారి ఖర్చుకే ఇల్లు గుల్ల అవుతుంది. ఒకసారి మానుకుందామనిపిస్తుంది. డయాలసిస్ మానుకోవడమంటే ఏమిటో మీకు తెలుసు.

బీడీలు చుట్టి చుట్టి వేళ్లు అరిగిపోయి, పీఎఫ్ కాగితం మీద ఒక అక్షరం తప్పు పడినందుకు నిజామాబాద్ ఆఫీసుకు తిరగవలసిన అక్క. కొడుకు దుబాయిలో ఉండి, ఊళ్లో ఒంటరిగా మిగిలిన తల్లి.

భర్త లేని ఇంకొక సహోదరి ఉంది అనుకోండి. బస్సు లేదు గనుక ఎవరి బండి మీదనైనా వెనుక కూర్చొని మండల కేంద్రానికి పోవాలి. ఎక్కించుకున్నవాడు మంచివాడే కావచ్చు. కానీ చూసిన నోళ్లు ఊరుకుంటాయా? మన ఊళ్లలో ఆడమనిషి ఒక లిఫ్టు అడగడానికి ఎంత ఆలోచించాలో ఆడవాళ్లకే తెలుసు. బస్సు ఆమెకు ప్రయాణంతో పాటు మర్యాదను కూడా ఇస్తుంది. పరిగె ఏరుకొనే బీదవాడికి దేవుడు కాపాడిన గౌరవం ఇదే అని మేము నమ్ముతున్నాం.

ఆదివారం ఆరాధనకు రాలేకపోతున్న పక్క ఊరి విశ్వాసుల గురించి కూడా ఒక మాట. వాళ్లు చల్లారిపోయారని, లోకంలో పడ్డారని తొందరపడి అనకండి. ముందు వాళ్ల ఊరికి ఆదివారం బస్సు ఉందో లేదో కనుక్కోండి.

ఇప్పుడు మహాలక్ష్మి పథకం సంగతి. 2023 డిసెంబరు 9 నుంచి మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు, ట్రాన్స్‌జెండర్లకు టికెట్ లేదు. 2025 జూలై నాటికి ఆ పథకం కింద 200 కోట్ల ప్రయాణాలు దాటాయని ప్రభుత్వం ప్రకటించింది. ఆ మేలును మేము కళ్లారా చూశాం. చార్జీ డబ్బుల్లేక దవాఖానకు పోవడం వాయిదా వేసుకునే అక్కలు ఇప్పుడు వేళకు పోతున్నారు. దేవునికి స్తోత్రం.

కొందరు సహోదరులు ఈ విషయంలో వేసే జోకులు మాకు నచ్చడం లేదు. "పనిలేక తిరుగుతున్నరు" అంటారు. నాట్లకు పోయే ఆడవాళ్లు, సంతలో కూరగాయలు అమ్మే ఆడవాళ్లు, పిల్లవాడికి సూది వేయించేందుకు పోయే తల్లి, వీళ్లు పనిలేనివాళ్లా? తల్లిని చూడటానికి పుట్టింటికి పోవడం కూడా పనే. ఇన్నాళ్లు చార్జీ కోసం భర్త ముందు చెయ్యి చాచి, వద్దంటే ఊరుకున్నవాళ్లు ఇప్పుడు తమంతట తాము పోయి వస్తున్నారు. బస్సులో నిలబడవలసి వచ్చిందని కోపం ఉంటే అది బస్సులు తక్కువైనందుకు రావాలి, అక్కలు ఎక్కినందుకు కాదు.

అయితే ఒక చిక్కు ఉంది. మహాలక్ష్మిలో కండక్టరు జీరో టికెట్ కొడతాడు, దాని లెక్క ప్రకారం ప్రభుత్వం సంస్థకు డబ్బు కట్టాలి. అంటే ఎక్కినవాళ్ల లెక్కే డబ్బుకు ఆధారం. బస్సే రాని ఊళ్లో జీరో టికెట్ కూడా తెగదు. టికెట్ తెగని ఊరికి లెక్కలో అవసరమే లేనట్టు. టౌను నుంచి టౌనుకు పోయే రూట్లలో బస్సులు కిక్కిరిసి పోతుంటే అదనపు బస్సు కూడా అక్కడికే పోతుంది. చివరి ఊరి అక్కకు హక్కు ఉంది, ఆధార్ కార్డు ఉంది, ఉచిత ప్రయాణం ఉంది, బస్సు లేదు. నిజామాబాద్ నుంచి హైదరాబాద్‌కు ఇప్పుడు ఎలక్ట్రిక్ బస్సులు కూడా నడుస్తున్నాయి. సంతోషమే. ఆ బస్సు ఎక్కడానికి నిజామాబాద్ దాకా ఎట్లా రావాలన్నదే పల్లెవాళ్ల ప్రశ్న.

ఆటోలు ఉన్నాయి గదా అని కొందరు అంటారు. ఆటో నడిపే సహోదరులు మన సంఘాల్లో చాలామంది ఉన్నారు. వాళ్లు లేకపోతే మన ఊళ్లు కదలవు. అర్ధరాత్రి నొప్పులు వచ్చిన ఆడపిల్లను దవాఖానకు చేర్చింది వాళ్లే. మహాలక్ష్మి వచ్చాక వాళ్ల సంపాదన దెబ్బతిన్నది, ఆ బాధ కూడా మన ప్రార్థనల్లో ఉండాలి. అయినా ఆటో ఆటోయే. నిండేదాకా కదలదు, కదలకపోతే కిరాయి గిట్టదు. ముగ్గురు కూర్చునే చోట పది మందిని ఎక్కించుకుంటే తప్ప ఈఎంఐ తీరదు. ఫలానా వేళకు తప్పక వస్తానని మాట ఇచ్చి, ఒక్కరే ఉన్నా కదలగలిగేది ప్రజల సొమ్ముతో నడిచే బస్సు ఒక్కటే. బస్టాండు నుంచి, దవాఖాన నుంచి ఇంటి దాకా చేర్చే పని ఆటోది. రెండూ ఉంటేనే ఇద్దరికీ బతుకు.

మరి డబ్బు ఎక్కడిది? ఇది న్యాయమైన ప్రశ్న.

ఆర్టీసీలు నడిచే చట్టం 1950 నాటిది. అందులో రెండు మాటలు పక్కపక్కనే ఉన్నాయి. 18వ సెక్షన్ ప్రకారం ప్రజలకు సరిపడినంత, అందుబాటు ధరలో, పొందికైన రవాణా కల్పించడం సంస్థ విధి. 22వ సెక్షన్ ప్రకారం సంస్థ వ్యాపార సూత్రాల మీద నడవాలి. ఒక చేత్తో సేవ చెయ్యమని, ఇంకో చేత్తో లాభం చూపమని ఒకే మనిషికి ఇద్దరు యజమానులను పెట్టినట్టు ఉంది ఇది. ఇన్నేళ్లు దూర ప్రాంతాల బస్సుల మీద వచ్చిన డబ్బుతో పల్లె బస్సును లాక్కొచ్చారు. చేను నడిమి పంటతో అంచును నిలబెట్టారన్నమాట. ఇప్పుడు దూర ప్రయాణాల్లో ప్రైవేటు బస్సులు, సొంత కార్లు, బండ్లు ఎక్కువై ఆ నడిమి పంట పలచబడింది. మొదట కొడవలి పడేది అంచు మీదనే.

పైగా బస్సు తాగే డీజిల్ మీద రాష్ట్రం 27 శాతం వ్యాట్ తీసుకుంటుంది. 2022లో టోకు డీజిల్ ధర బంకు ధరను మించిపోతే ఆర్టీసీ బస్సులు మన బండ్లతో పాటు రోడ్డు పక్క బంకుల్లో డీజిల్ పోయించుకున్నాయి. ఇటు పన్ను తీసుకొని, అటు సాయం ఆలస్యం చేసి, నష్టం వచ్చిందని సంస్థను నిందిస్తే ఎట్లా?

ఆ భారం మోసింది ఉద్యోగులు. 2019 అక్టోబరు 5 నుంచి 52 రోజులు జరిగిన సమ్మె మీకు గుర్తుండే ఉంటుంది. జీతాల్లేక ఇళ్లు గడవక, ఆ రోజుల్లో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. సమ్మె నడుస్తుండగానే 5,100 రూట్లను ప్రైవేటుకు ఇవ్వాలని మంత్రివర్గం నిర్ణయించింది. ఆ పని ముందుకు సాగలేదు గాని, చార్జీలు మాత్రం ఆ డిసెంబరులో కిలోమీటరుకు 20 పైసలు పెరిగాయి. సమ్మె నాటికి ఉద్యోగులు 50 వేలకు దగ్గరగా ఉండేవారు. 2023లో వాళ్లను ప్రభుత్వంలో కలిపే బిల్లు వచ్చేనాటికి 43 వేల పైచిలుకే మిగిలారు. బస్సు ఎందుకు రాలేదని డ్రైవరు మీద అరిచే ముందు, రిటైరైనవాళ్ల స్థానంలో ఎందరిని తీసుకున్నారని అడగాలి.

రోడ్డు వేసినప్పుడు దాని మీద నడిచే ప్రతి మనిషి దగ్గరా పైసలు వసూలు చేసి, ఇంత రాకపోతే రోడ్డు తవ్వేస్తామని ఎవరూ అనరు. ఊరికి కరెంటు తీగ లాగినప్పుడు గుడిసెకు ఎంత బిల్లు వస్తుందని చూడలేదు. ప్రాథమిక పాఠశాలకు ఓఆర్ లేదు. రోడ్డు మన పన్నులతోనే వేశారు. దాని వల్ల ఎక్కువ సుఖం కారున్నవాడిదే. కారు లేనివాడికి ఆ రోడ్డు మీద ఒక బస్సు నడపడం దుబారా ఎట్లా అవుతుంది?

ఈ ప్రశ్న మన ఒక్కరిదే కాదు. బ్రిటన్‌లో 1985లో చట్టం మార్చి, లండన్ వదిలి మిగతా చోట్ల బస్సులను ప్రైవేటు కంపెనీల వ్యాపారానికి వదిలారు. లాభం రాని పల్లె రూట్లకు స్థానిక కౌన్సిళ్లు డబ్బు కట్టి నడిపించుకోవాలన్నారు. 2010 తర్వాత కౌన్సిళ్ల నిధులకు కోత పడితే ఆ పల్లె బస్సులే ముందు పోయాయి. స్విట్జర్లాండ్ ఇంకో దారి పట్టింది. అక్కడ ఏడాది పొడుగునా కనీసం వంద మంది నివసించే ఊరికి కూడా ప్రజా రవాణా సౌకర్యం ఉండేలా కేంద్రం, రాష్ట్రాల్లాంటి కాంటన్లు కలిసి ఖర్చు భరిస్తాయి. కొండల మీద పసుపు రంగు పోస్టు బస్సు తిరుగుతుంది. అది ధనిక దేశమే, మనకు అంత డబ్బు లేదు. అయినా వాళ్లు చేసిన మంచి పని ఒకటుంది. ఎంతమంది ఉంటే బస్సు తప్పనిసరో ముందే రాసుకున్నారు. అంచు ఎంత వదలాలో కోతకు ముందే నిర్ణయించుకోవడం ఇదే.

కాబట్టి మనం అడగవలసినవి ఇవి. ప్రతి గ్రామ పంచాయతీకి, ఏ రోజైనా సరే, పొద్దున ఒక ట్రిప్పు, సాయంత్రం ఒక ట్రిప్పు తప్పనిసరి అని ప్రభుత్వం ప్రకటించాలి. ఆ ట్రిప్పులను ఓఆర్ లెక్క నుంచి తప్పించాలి. వాటికయ్యే ఖర్చును బడ్జెట్‌లో వేరే పద్దుగా చూపించి, నెల నెలా సంస్థకు కట్టాలి. ట్రిప్పు తీసేయాలంటే ముందు గ్రామసభలో చెప్పాలి. టైములు కాలేజీకి, దవాఖానకు సరిపోయేలా ఉండాలి.

దీన్ని క్రైస్తవుల మనవిగా ఇవ్వకండి, ఊరి మనవిగా ఇవ్వండి. గుడి కమిటీ పెద్దలను, మసీదు పెద్దలను, మహిళా సంఘాల అక్కలను కలుపుకొని పోండి. గ్రామసభలో తీర్మానం చేయించండి. వందేళ్లకు పైబడి డిచ్‌పల్లిలో నిలబడిన కుష్ఠురోగుల ఆసుపత్రి చరిత్ర గుర్తు చేసుకోండి. దాన్ని స్థాపించినది మిషనరీ డాక్టర్ ఇసబెల్ కెర్, దానికి ధారాళంగా డబ్బిచ్చినది నిజామాబాద్ దాత రాజా నర్సాగౌడ్. ఆయన హిందువు. మన జిల్లాలో మంచి పనులు ఇట్లాగే జరిగాయి.

సంఘంగా మనం చేయగలిగినవి కూడా ఉన్నాయి. కూడికల వేళలు పెట్టేటప్పుడు ముందు బస్సు టైము చూద్దాం. ఆఖరి బస్సు పోయాక ముగిసే ప్రార్థన, బండి ఉన్నవాళ్ల ప్రార్థన అయిపోతుంది. బండ్లున్న సహోదరులు వారానికి ఒక్కరోజైనా పల్లె బస్సు ఎక్కి టికెట్ తీసుకోండి. మీ టికెట్టు ఆ ట్రిప్పుకు ఆయుష్షు పోస్తుంది. ఇంకా నైట్ హాల్ట్ బస్సు వచ్చే ఊళ్లలో డ్రైవరుకు, కండక్టరుకు తాగునీళ్లు, పడుకోవడానికి శుభ్రమైన చోటు, వీలైతే ఒక పూట అన్నం చూసుకోండి. దోమల మధ్య బస్సు సీటు మీద పడుకొని, తెల్లారి మన పిల్లలను కాలేజీకి చేర్చే మనిషికి అంతమాత్రం చేయడం మనకు భారం కాదు.

రూతు కథ మీకందరికీ తెలుసు. ఆమె పరదేశి, విధవరాలు, అత్తను పోషించవలసిన మనిషి. ధర్మశాస్త్రం ప్రకారం బోయజు పొలం అంచు వదిలితే చాలు. ఆయన అంతటితో ఆగలేదు. పనల్లోంచి కొంచెం కావాలనే లాగి పడవేయమని, ఆమెను గద్దించవద్దని పనివాళ్లతో చెప్పాడు. ఆ సాయంత్రం బోయజు లెక్క చూసుకుంటే గింజలు తగ్గే ఉంటాయి. ఆ పొలం అంచు నుంచే దావీదు వంశం, ఆ వంశం నుంచే మన ప్రభువు వచ్చాడు. చివరి ఊరి నుంచి పొద్దటి బస్సు ఎక్కే ఆడపిల్ల రేపు ఎవరవుతుందో ఏ ఓఆర్ చెప్పగలదు?

ఈ వారం ప్రార్థన అంశాలు: బస్సు ఆగిపోయిన ఊళ్ల కోసం, చదువు మానిన ఆడపిల్లల కోసం, ఆర్టీసీ డ్రైవర్లు, కండక్టర్లు, మెకానిక్కుల కుటుంబాల కోసం, ఆటో నడిపే సహోదరుల కోసం, బడ్జెట్ రాసే అధికారులు పొలం అంచును గుర్తుంచుకొనేలా వారి హృదయాల కోసం.

రాబోయే గ్రామసభ ఎప్పుడో మీ పంచాయతీ కార్యదర్శిని అడిగి మాకు తెలియజేయండి. మేమూ వస్తాం.

మీ ప్రయాణాలన్నిటిలో దేవుని కాపుదల మీకు తోడుగా ఉండును గాక. ఆమేన్.